పగిలిన లడ్డూలు ఎవరికి?

 

పోయిన వారం వీడియోలో కుచేలుడి అటుకుల కథ చెప్పుకున్నాం కదా. అది చూసి ఒక చెల్లి ఇలా అడిగింది. "అక్కా, ఆయన కృష్ణుడు కాబట్టి అటుకులు లాక్కుని మరీ తిన్నాడు. మా మేనేజర్ తింటాడా? ఈ ఏడాది మా ఇంట్లో డబ్బులకు ఇబ్బందిగా ఉంది. దీపావళికి షాపులో హ్యాంపర్లు కొనలేం. ఇంట్లో చేసిన లడ్డూలు డబ్బాల్లో పెట్టి ఇస్తే మమ్మల్ని పిసినారులు అనుకోరా?"

చదవగానే నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఇదే భయంతో 2024 దీపావళికి నేనూ ఒక డబ్బాల లెక్క వేశాను. డబ్బు తక్కువైనందుకు సిగ్గుపడుతూ కూర్చున్నాను కానీ, నిజంగా సిగ్గుపడాల్సింది ఇంకోచోట ఉందని మా అమ్మ చూపించేదాకా నాకు తెలియలేదు. వీడియోలో ఇది చెప్పడానికి మొహమాటం అడ్డొచ్చింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డబ్బాల కాలం

1998లో సైబర్ టవర్స్ కట్టినప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్ళూ గుట్టలే ఉండేవని పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పుడు ఆ రాళ్ళ మీద మనమందరం ఉద్యోగాలు చేసుకుంటున్నాం. దసరా వెళ్ళి దీపావళి వచ్చేలోపు ఆ ఇరవై రోజులూ ఈ పక్కన ఎలా ఉంటుందో మీకు తెలుసు. మైండ్‌స్పేస్ గేట్ల దగ్గర, గచ్చిబౌలి ఆఫీసుల లాబీల్లో, కొండాపూర్ అపార్ట్‌మెంట్ల సెక్యూరిటీ టేబుళ్ళ మీద ఎక్కడ చూసినా డబ్బాలే. సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కితే సగం మంది ఒళ్ళో బంగారు రంగు కాగితం చుట్టిన పెట్టె ఉంటుంది. లోపల నాలుగు జీడిపప్పులు, నాలుగు బాదం, ఒక కొవ్వొత్తి, మిగతాదంతా తురిమిన కాగితం!

ఇక సోన్ పాపిడి డబ్బా సంగతి చెప్పక్కర్లేదు. అది మన ఇంటికి వచ్చి, పక్కింటికి వెళ్ళి, అక్కడినుంచి ఎవరి ఆఫీసుకో వెళ్ళి, చివరికి తిరిగి మన ఇంటికే వచ్చినా ఆశ్చర్యం లేదు. దీనికి నేటి తరాన్ని మాత్రమే అనకండి. మా నానమ్మ బీరువాలో వాయనాలకు వచ్చిన జాకెట్ ముక్కలు ఒక కట్ట ఉండేది. ఏది ఎవరిచ్చారో చీటీ రాసి మరీ పెట్టుకునేది, పొరపాటున మళ్ళీ వాళ్ళకే ఇవ్వకుండా!

సరే, మా కథలోకి వస్తాను. ఆ ఏడాది ఆగస్టులో మా ఆయన పనిచేసే కంపెనీలో ప్రాజెక్ట్ అయిపోయింది. కొన్నాళ్ళు బెంచ్ మీద ఉంచి, తర్వాత పంపేశారు. నా ఒక్క జీతం మీద అద్దె, కారు ఈఎంఐ, ఇంటికి పంపాల్సింది అన్నీ నడవాలి. అక్టోబర్ వచ్చేసరికి పండగ అంటేనే గుండెల్లో రాయి పడ్డట్టు అనిపించింది.

నేను పనిచేసేది డేటా మీద. కాబట్టి నా భయానికి మందు ఎక్సెల్ షీటే. రాత్రి కూర్చుని ఒక షీట్ చేశాను. మొదటి కాలమ్‌లో పేరు, రెండో కాలమ్‌లో పోయిన ఏడాది వాళ్ళు మనకిచ్చింది, మూడో కాలమ్‌లో దాని అంచనా ధర, నాలుగో కాలమ్‌లో ఈసారి మనం ఇవ్వాల్సింది. మూడో కాలమ్ ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు సర్దాను. పైన మా మేనేజర్. తర్వాత ఇద్దరు టీమ్ లీడ్లు, ఫ్లాట్ ఓనర్, పక్క ఫ్లాట్ల వాళ్ళు, మా ఆయనకు రెఫరల్ ఇస్తానన్న స్నేహితుడు. మొత్తం 20 మంది తేలారు. షాపులో కాస్త బాగుందనిపించే డబ్బా ఒక్కోటి 600 రూపాయల దగ్గర మొదలు. అంటే 12,000. మా వల్ల కాదు.

అందుకే ఇంట్లోనే చేద్దామని నిర్ణయించాను. మేనేజర్‌కి మాత్రం 1,200 పెట్టి డ్రై ఫ్రూట్ పెట్టె కొనాలి, మిగతా అందరికీ ఇంటి లడ్డూలు. షీట్‌లో అందరికంటే కింద ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. ఒకటి వాచ్‌మన్‌ది. ఒకటి మా ఇంట్లో పనిచేసే అక్కది. అక్కకు ప్రతి దీపావళికి 2,000 ఇస్తాం. ఆ వరుసలో నేను ఏం టైప్ చేశానో ఇప్పటికీ గుర్తుంది. "1,000 + స్వీట్లు (మిగిలితే)".

ఆ బ్రాకెట్‌లోని మాట దగ్గర నాకు ఆ రోజు ఏ తప్పూ కనిపించలేదు.

పాకం ముదిరిన పూట

పండగకు నాలుగు రోజుల ముందు కరీంనగర్ నుంచి అమ్మ వచ్చింది. రావడంతోనే పని తన చేతుల్లోకి తీసుకుంది. బేగంబజార్ వెళ్ళి అట్టపెట్టెలు తెచ్చాం. అక్కడ ప్యాకింగ్ సామాను హోల్‌సేల్ కాబట్టి మాదాపూర్‌లో దొరికే ధరలో సగానికే వచ్చాయి. నువ్వులు రెండు కిలోలు, పల్లీలు మూడు కిలోలు, బెల్లం నాలుగు కిలోలు, మురుకులకు బియ్యప్పిండి, శనగపిండి, నూనె, కాస్త నెయ్యి, యాలకులు, ఒక్కో డబ్బాలో పెట్టడానికి రెండేసి మట్టి ప్రమిదలు. అన్నీ కలిపి రెండున్నర వేలు దాటలేదు. లెక్క ఇదీ: ఒక్కో డబ్బాలో 8 నువ్వుల లడ్డూలు, 8 పల్లి లడ్డూలు, చిన్న కవర్‌లో మురుకులు, రెండు ప్రమిదలు. మొత్తం 320 లడ్డూలు చుట్టాలి.

లడ్డూలు చేసినవాళ్ళకు తెలుసు, కష్టమంతా పాకంలోనే. నీళ్ళలో చుక్క వేసి వేలితో కూడదీస్తే మెత్తగా ఉండ కట్టాలి. అప్పుడే దింపి, నువ్వులో పల్లీలో కలిపి, చేతికి నెయ్యి రాసుకుని వేడి మీదే చుట్టేయాలి. కాస్త ఆగితే పాకం గట్టిపడుతుంది, ఉండ నిలబడదు. నువ్వుల లడ్డూలు అమ్మ చేసింది, ముత్యాల్లా వచ్చాయి. పల్లీల రెండో వాయి నా చేతిలో పడింది. అదే టైంలో ఆఫీసు నుంచి కాల్. "రెండే నిమిషాలు" అనుకుంటూ మాట్లాడాను. పాకం ముదిరిపోయింది. చుట్టినవి చుట్టినట్టే చీలిపోయాయి. ఒక నలభై దాకా పగిలాయి.

బాగున్నవన్నీ డబ్బాల్లో సర్దాం. పగిలినవి ఒక పాల కవర్ కడిగి ఆరబెట్టి అందులో వేస్తున్నాను.

అమ్మ అడిగింది. "గవి ఎవరికి బిడ్డా?"

"పని అక్కకీ వాచ్‌మన్‌కీ అమ్మా. రుచి అదే కదా, ఆకారమే కొంచెం..."

అమ్మ ఏమీ అనలేదు. ల్యాప్‌టాప్ పక్కనే తెరిచి ఉంది, షీట్ అలాగే ఉంది. కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. పేర్ల మీద వేలు పెట్టుకుంటూ కిందదాకా వచ్చింది. "ఈ రెండో గడిల ఏం రాసినవ్?"

"పోయినసారి వాళ్ళు మనకేమిచ్చారో అది."

"పనామె గడి ఖాళీగున్నది."

"ఆవిడేమిస్తుందమ్మా మనకి?"

అమ్మ లేచి వంటింట్లో మసాలా డబ్బాల వెనకనుంచి ఒక పొట్లం తీసుకొచ్చి నా ముందు పెట్టింది. న్యూస్‌పేపర్ చుట్టి, దారంతో కట్టిన పొట్లం. "పొద్దుగాల అల్మారి సర్దుతుంటే దొరికింది. గిదేంది మరి?"

అప్పుడు గుర్తొచ్చింది. అది సత్తు. సద్దుల బతుకమ్మ మర్నాడు అక్క తెచ్చిచ్చింది. ఆ ఏడాది సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10న వచ్చింది. అంటే పొట్లం వచ్చి ఇరవై రోజులు కావస్తోంది. నేను కాల్‌లో ఉన్నాను. "అక్కడ పెట్టక్కా" అని చేత్తో చూపించాను. అంతే. విప్పనే లేదు.

సత్తు అంటే ఏమిటి?

ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన వీక్షకుల కోసం రెండు మాటలు. బతుకమ్మ తొమ్మిది రోజుల పండగ. తెలంగాణ ప్రభుత్వం 2014లో దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించింది. చివరి రోజు సద్దుల బతుకమ్మ. ఆ రోజు నువ్వులు, పల్లీలు, పెసలు, కొబ్బరి లాంటివి వేయించి పొడి చేసి, చక్కెరో బెల్లమో కలిపి సత్తులు చేస్తారు. రొట్టె, బెల్లం కలిపి మలీద చేస్తారు. బతుకమ్మను నీళ్ళలో సాగనంపాక ఆడవాళ్ళంతా అక్కడే కూర్చుని ఒకరి సత్తు ఒకరికి పెడతారు. ఎవరి ఇల్లు ఎంత పెద్దదని అక్కడ చూడరు. ప్రతి ఒక్కరి చేతిలో అందరిళ్ళ పొడులూ కలిసిపోతాయి.

అంటే తక్కువ ఖర్చుతో ఇంట్లో చేసి పంచుకునే కానుక కోసం మనం వీడియోలు వెతుక్కోనక్కర్లేదు. మన పండగల్లో అది ఎప్పటినుంచో ఉంది. పాలమూరు వైపు నుంచి పనికోసం వచ్చి, కొండాపూర్ పక్క బస్తీలో ఒక్క గదిలో ఉండే అక్క, తన ఇంట్లో చేసిన సత్తులో నాకూ ఒక వాటా తీసి పెట్టింది. నన్ను తన పండగలో కలుపుకుంది. నేను మాత్రం ఆవిడని నా షీట్‌లో "మిగిలితే" దగ్గర పెట్టాను.

అమ్మ పొట్లం విప్పింది. నువ్వుల సత్తు. అప్పటికే పాతబడిన నూనె వాసన వస్తోంది. అయినా చిటికెడు తీసి తన నోట్లో వేసుకుంది, ఇంకో చిటికెడు నా చేతిలో పెట్టింది. అది తింటుంటే గొంతు దిగడానికి కష్టమైంది. వాసన వల్ల కాదు.

నచికేతుడు అడిగిన ప్రశ్న

ఆ రాత్రి నాకు కఠోపనిషత్తు గుర్తొచ్చింది. మనం దాన్ని యముడు, ఆత్మ, మరణ రహస్యం అంటూ చదువుతాం. కానీ అది మొదలయ్యేది ఎక్కడో గమనించారా? ఒక ఇంట్లో దానం దగ్గర. వాజశ్రవసుడు యజ్ఞం చేసి ఆవుల్ని దానమిస్తున్నాడు. అవి ఎలాంటి ఆవులు? ఇక గడ్డి తినలేనివి, నీళ్ళు తాగలేనివి, పాలు ఇవ్వడం అయిపోయినవి, ఈనలేనివి. లెక్కలో అవి ఆవులే. పేరుకు దానమే. పక్కనే నిలబడి చూస్తున్న పిల్లవాడు నచికేతుడికి మాత్రం అది దానంలా కనపడలేదు. ఇలాంటివి ఇచ్చినవాడికి ఆనందం లేని లోకాలే వస్తాయని అనుకున్నాడు. అందుకే, మరి నన్నెవరికి ఇస్తావని తండ్రిని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

పాల కవర్‌లో పగిలిన లడ్డూలు వేస్తున్న నేను ఆ వాజశ్రవసుడికి ఏ మాత్రం తీసిపోలేదు. మా ఇంట్లో "ఎవరికి?" అని అడిగింది అరవై ఏళ్ళ నచికేతుడు, అంతే తేడా!

ఒక్కటి ఆలోచించండి. దేవుడికి నైవేద్యం పెట్టేటప్పుడు మచ్చపడ్డ పండు పెడతామా? పగిలిన ఉండ్రాయి ఏరి వినాయకుడికి పెడతామా? మంచిది అక్కడ పెట్టి, విరిగింది మనం తింటాం. ఈ నియమం మనకు ఎవరూ నేర్పలేదు, అది అలవాటుగానే వచ్చింది. ఎదుటివాడిలో దేవుడున్నాడని ఎన్ని వీడియోల్లో చెప్పాను నేను! కానీ నా చేతులు మాత్రం మంచి లడ్డూలు మేనేజర్ డబ్బాలోకి, పగిలినవి అక్క కవర్‌లోకి వాటంతట అవే పంచేశాయి. మన నమ్మకం ఏమిటో నోటికంటే చేతులే నిజం చెబుతాయి అనిపించింది.

గీత చెప్పిన మూడు రకాలు

భగవద్గీత 17వ అధ్యాయం శ్రద్ధాత్రయ విభాగ యోగం. అందులో 20, 21, 22 శ్లోకాల్లో కృష్ణుడు దానాన్ని మూడుగా విడదీశాడు. నా సొంత మాటల్లో చెబుతాను.

సాత్విక దానం: ఇవ్వడం నా ధర్మం అనుకుని, తగిన చోట, తగిన వేళ, తగినవాళ్ళకు, తిరిగి ఏమీ చేయలేనివాళ్ళకు ఇచ్చేది.

రాజస దానం: బదులుగా ఏదో వస్తుందని ఇచ్చేది, ఫలం మీద కన్నేసి ఇచ్చేది, లేదా మనసులో నొచ్చుకుంటూ ఇచ్చేది.

తామస దానం: వేళా చోటూ చూడకుండా, తగనివాళ్ళకు ఇచ్చేది. మర్యాద లేకుండా, చిన్నచూపుతో ఇచ్చేది.

ఇప్పుడు నా షీట్‌ని దీని పక్కన పెట్టండి. పై వరుసలన్నీ రాజసం. మేనేజర్ పెట్టెలోనైతే రెండు లక్షణాలూ ఉన్నాయి. రేటింగ్ మీద ఆశ ఉంది, 1,200 పోతున్నాయన్న బాధ కూడా ఉంది. కింది రెండు వరుసలు తామసం. 22 వరుసల్లో సాత్వికం ఒక్కటీ లేదు! ధర ఎంత అన్న మాట ఈ మూడు శ్లోకాల్లో ఎక్కడా రాదు. ఎవరికి, ఎప్పుడు, ఏ మనసుతో అన్నదే అడిగాడు స్వామి.

చెల్లీ, నీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసం అన్నాడు కాబట్టి, క్రెడిట్ కార్డు మీద అప్పు చేసి, నెలంతా బాధపడుతూ ఇచ్చే పెద్ద హ్యాంపర్ కంటే, బాధ లేకుండా ఇవ్వగలిగిన చిన్న డబ్బా ధర్మానికి దగ్గర. బడ్జెట్ వేసుకోవడం పాపమేమీ కాదు.

మరి మిగతా సగం? బడ్జెట్ తగ్గినప్పుడు కోత ఎక్కడ పెడుతున్నాం అన్నది.

సగం బంగారు ముంగిస

మహాభారతం అశ్వమేధ పర్వంలో ఒక ముంగిస కథ ఉంది. ధర్మరాజు అశ్వమేధ యాగం చేశాడు. ఇచ్చిన దానాలకు లెక్కలేదు. అందరూ పొగుడుతుంటే, తలా సగం ఒళ్ళూ బంగారంగా ఉన్న ముంగిస ఒకటి వచ్చి, ఈ యజ్ఞం కురుక్షేత్రంలో ఒక పేదవాడు పెట్టిన పిడికెడు పిండికి సాటి రాదు అంటుంది. ఆ పేదవాడు పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు. కరువు రోజులు. దొరికిన కాసిని యవలతో పిండి చేసుకుని భార్యాభర్తలు, కొడుకు, కోడలు నలుగురూ నాలుగు వాటాలు వేసుకున్నారు. తినబోయే వేళకు అతిథి వచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు నాలుగు వాటాలూ ఆయనకే పెట్టేశారు. ఆ అతిథి ధర్మదేవత. అక్కడ రాలిన పిండిలో పొర్లిన ముంగిసకు సగం ఒళ్ళు బంగారమైంది. మిగతా సగం కోసం అది యజ్ఞాలన్నీ తిరుగుతూనే ఉంది.

ఆ కథలో పిండికి సంస్కృతంలో ఉన్న మాట ఏమిటో తెలుసా? సక్తు. మన సత్తు అదే మాట. ఇది గుర్తొచ్చినప్పుడు నేను నిజంగా కాసేపు కదలలేకపోయాను. భారతంలో అశ్వమేధం కంటే బరువు తూగిన పదార్థం, మా వంటింట్లో మసాలా డబ్బాల వెనక ఇరవై రోజులు విప్పకుండా పడి ఉంది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. కష్టపడి ఇస్తే రాజసం అన్నారు, మరి ఆకలితో ఉండి ఇచ్చిన వీళ్ళది? చూడండి, వాళ్ళకు ఆకలి ఉంది, ఏడుపు లేదు. ఇచ్చాక లెక్క చూసుకోలేదు. కష్టంలో ఇవ్వడం వేరు, కష్టపెట్టుకుంటూ ఇవ్వడం వేరు.

అయితే మేనేజర్‌కి ఇవ్వకూడదా?

అలా అని నేను అనడం లేదు. ఇచ్చిపుచ్చుకోవడం కూడా లోకంలో ఉండాల్సిందే. పక్కింటివాళ్ళు డబ్బా ఇస్తే ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని, కనీసం చిటికెడు చక్కెరైనా వేసి పంపాలని మన పెద్దవాళ్ళు నేర్పారు. వాయనం కూడా అంతే. నానబెట్టిన శనగలు, తమలపాకులు, వక్క, అరటిపండు, పసుపు కుంకుమ, ఒక జాకెట్ ముక్క. ఖర్చు ఎంత? కానీ ఇచ్చే ఆమె కొంగు కప్పుకుని, ఇస్తున్నానని నోరారా చెబుతుంది. తీసుకునే ఆమె కూడా పుచ్చుకుంటున్నానని నోరారా చెప్పాలి. పుచ్చుకున్నది ఎవరని అడిగితే జవాబు అమ్మవారి పేరే. ఇవ్వడం ఎంత పూజో, పుచ్చుకోవడమూ అంతే పూజ అని వాయనం చెబుతోంది. నేను అక్క దగ్గర తప్పింది ముందు పుచ్చుకోవడంలో. ఇవ్వడంలో తప్పు ఆ తర్వాత వచ్చింది.

కాబట్టి మేనేజర్‌కి, పక్కింటికి ఇచ్చేది మర్యాద. దాన్ని మర్యాదగానే ఉంచుదాం, దానం అనుకోవద్దు, దానికోసం దానాన్ని కోయవద్దు.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెబుతాను. అక్కకి మేమిచ్చే 2,000 అసలు దానమే కాదు. ఏడాది పొడుగునా మా ఇల్లు ఊడ్చి, గిన్నెలు కడిగిన మనిషికి పండగపూట రావాల్సిన డబ్బు. ఆవిడ ఆ డబ్బుని ముందే లెక్కలో వేసుకుని ఉంటుంది, మన జీతంలో బోనస్‌ని మనం వేసుకున్నట్టే. అందులో సగం కోసి, బదులుగా ఇంటి లడ్డూలు పెట్టి, "ప్రేమతో చేశాం" అనడం అన్యాయం. ఇంట్లో చేసిన కానుకకు ప్రేమ అన్న పేరు బాగుంటుంది కాబట్టే దాని చాటున ఇలాంటి కోతలు సులువుగా దాక్కుంటాయి. ముందు ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఆ తర్వాతే కానుక.

చివరికి ఏం చేశాం

"ఇంట్లకు పగిలినయి, బయటికి మంచియి" అంది అమ్మ. పగిలిన లడ్డూల్ని మళ్ళీ మూకుట్లో వేసి, చెంచాడు నెయ్యి, కాసిని నీళ్ళు చిలకరించి, సన్నని సెగ మీద మెత్తబరిచి, వేడి మీదే మళ్ళీ చుట్టాం. చాలావరకు నిలిచాయి. నిలవనివి మేము ముగ్గురం వారం రోజులు టీతో తిన్నాం. మా ఆయన "అత్తమ్మా, ఇవే బాగున్నాయి" అంటూ ఎక్కువ ఖాళీ చేశాడు!

మేనేజర్ డ్రై ఫ్రూట్ పెట్టె మానేశాం. ఆయనకూ అందరిలాంటి డబ్బాయే. మిగిలిన 1,200లోనుంచి అక్క 2,000 పూర్తయింది, ఇంకో రెండు డబ్బాలకు సామాను కూడా వచ్చింది.

దీపావళి ముందురోజు పొద్దున అక్క రాగానే డబ్బా చేతిలో పెట్టాను. రెండు చేతులతో తీసుకుని, తలుపు వైపు తిరిగి అడిగింది. "ఏ ఫ్లాట్‌ల ఇయ్యాలె అమ్మా?"

నా నోట మాట రాలేదు. నాలుగేళ్ళుగా మా ఇంట్లో మంచి డబ్బాలు ఆవిడ చేతిమీదుగా పక్క ఫ్లాట్లకు వెళ్ళాయి. అలాంటి డబ్బా తనకే అయ్యుంటుందని ఆవిడకు తోచనే లేదు. "నీకే అక్కా" అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను, సత్తు గురించి, క్షమించమని. ఏదీ సరిగా రాలేదు. "నీ సత్తు తిన్నాం, అమ్మకి నచ్చింది" అని మాత్రం అన్నాను. అందులో సగం అబద్ధం ఉందని నాకు తెలుసు. మరుసటి ఏడాది ఆ మాట నిజం చేయాలని అప్పుడే అనుకున్నాను.

మీరూ చేస్తుంటే, నా అనుభవంలోంచి కొన్ని మాటలు

పేర్ల జాబితా కింది నుంచి రాయండి. తిరిగి ఇవ్వలేనివాళ్ళ పేర్లు ముందు. వాచ్‌మన్, పని అక్క, లిఫ్ట్ దగ్గర తుడిచే ఆమె, ఆఫీసులో టీ ఇచ్చే అన్న, రోజూ పార్సిల్ తెచ్చే తమ్ముడు. సామాను సరిపోకపోతే పైవాళ్ళ దగ్గర తగ్గించండి.

ఇవ్వాల్సిన డబ్బు వేరే కవర్‌లో, ముందుగా ఇచ్చేయండి. కానుకతో కలపకండి.

అందరికీ ఒకే డబ్బా, ఒకే కొలత. రెండు రకాల డబ్బాలు చేశారంటే, మనుషుల్ని కూడా రెండు రకాలు చేసినట్టే.

నిలవ ఉండేవి ఎంచుకోండి. నువ్వుల లడ్డూ, పల్లి లడ్డూ, మురుకులు గాలి తగలకుండా పెడితే రెండు వారాలు హాయిగా ఉంటాయి. కోవా, పాల స్వీట్లు వద్దు. మురుకులు పూర్తిగా చల్లారాకే కవర్‌లో వేయండి, లేకపోతే మెత్తబడతాయి. పల్లీలు కొందరికి పడవు కాబట్టి, లోపల ఏమేముందో ఒక చీటీ రాసి పెట్టండి.

మొదటి వాయి దేవుడి ముందు పెట్టండి. అప్పుడు అన్నీ ప్రసాదమే. ప్రసాదంలో పెద్దవాళ్ళ డబ్బా, చిన్నవాళ్ళ డబ్బా అని ఉండవు కదా.

ఇచ్చేటప్పుడు ఫోన్ లోపల పెట్టండి. వీడియోలు తీసేదాన్ని నేనే చెబుతున్నాను!

చివరగా, మీకు ఎవరైనా పొట్లం ఇస్తే కాల్ ఆపి, రెండు చేతులతో తీసుకుని, ఆ రోజే విప్పి తినండి.

చెల్లీ, నువ్వు అడిగిన అసలు ప్రశ్న మిగిలే ఉంది. మేనేజర్ తింటాడా? మా మేనేజర్ "థాంక్స్" అని డబ్బా టేబుల్ మీద పెట్టుకున్నాడు. తిన్నాడో, ఇంటికి తీసుకెళ్ళాడో, ఇంకెవరికైనా ఇచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. నా రేటింగ్ పెరగలేదు, తగ్గలేదు. పిసినారి అనుకున్నాడేమో కూడా తెలియదు. ఆ షీట్ ఇంకా నా ల్యాప్‌టాప్‌లో ఉంది. తీసేయలేదు. ప్రతి ఏడాది పండగ ముందు ఒకసారి తెరిచి, ఆ బ్రాకెట్‌లో రాసిన మాట చదువుకుంటాను.

ఈసారి మీ జాబితాలో చివరి పేరు ఎవరిది? ఒకసారి చూసుకోండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

శ్రీకృష్ణార్పణమస్తు.